సారక్క కొలిచిన గదులు

సూరత్‌కు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా, తానుంటున్న గది పొడవెంతో వెడల్పెంతో సారక్కకు రెండువేల ఇరవై జనవరి దాకా తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు. పరకాల దగ్గరి పల్లె నుంచి ఆమె తండ్రి సోమలింగం మరమగ్గాల పనికి కుటుంబంతో సహా వచ్చినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. లింబాయత్‌లో తెలుగు బడి ఉంటే అందులో ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయ్యాక అదే ఊళ్లోని వడోద్ పేటకు చేరింది. భర్త పరుశురాంది కూడా మరమగ్గాల మీదే పని. వాటిని అక్కడి మనవాళ్లు సాంచెలంటారు. రాజమౌళి అనే ఆయన కట్టించిన మూడంతస్తుల బిల్డింగులో కింది గది వాళ్లది. ఇరవై ఏళ్లుగా అదే గది. కూతురు సింధూజ పుట్టి పెరిగిందీ అందులోనే. ఆ ఏడు పన్నెండో తరగతి చదువుతోంది.

సారక్క మెస్ నడిపేది. మెస్ అంటే బోర్డూ బల్లలూ ఏమీ లేవు. గది ముందున్న సన్నటి వసారాలో రెండు గ్యాసు పొయ్యిలు, రెండు పెద్ద గిన్నెలు, వరుసగా బోర్లించిన స్టీలు పళ్లేలు. ఆ బిల్డింగులో ఉండే మగవాళ్లు చాలామంది కరీంనగర్, వరంగల్ వైపు వాళ్లే. పెళ్లాం పిల్లలను ఊళ్లో విడిచి వచ్చినవాళ్లు. వాళ్లకు పొద్దునా సాయంత్రం అన్నం, పప్పు, పచ్చిపులుసు చేసి పెట్టేది. సాంచెలు ఆగవు. పొద్దున ఏడింటికి ఒక షిఫ్టు ఎక్కుతుంది, సాయంత్రం ఏడింటికి ఇంకొకటి. పగటి షిఫ్టు వాళ్లు తిని వెళ్లిన కాసేపటికే రాత్రి షిఫ్టు వాళ్లు దిగి వచ్చి తింటారు. తిని, ఆ వెళ్లినవాళ్లు లేచిన చాపల మీదే నడుం వాలుస్తారు. ఎవరు ఏ షిఫ్టో, ఎవరు ఎక్కడ పడుకుంటారో సారక్కకు నోటికి వచ్చు.

ఆ జనవరిలో ఊర్మిళ అనే అమ్మాయి వచ్చింది. సొంతూరు కాకినాడ. అహ్మదాబాద్‌లో పరిశోధన చేస్తోంది. పట్టణాల్లో పనివాళ్లు ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారు, ఆ ఇళ్లలో గాలీ వెలుతురూ ఎంత, ఎండాకాలం ఎంత వేడెక్కుతాయి, ఇలాంటివి నాలుగు నగరాల్లో ఒకే పద్ధతిలో రాసుకుని పోల్చి చూడడం ఆమె పని. రెండు రోజులు వడోద్ సందుల్లో తిరిగింది. తలుపు తట్టితే మగవాళ్లు లోపలి నుంచే "ఏం లేదమ్మా, పో" అన్నారు. గదుల ఓనర్లు పన్నుల వాళ్ల మనిషేమోనని అనుమానించారు. మూడో రోజు మధ్యాహ్నం అలసిపోయి సారక్క వసారా గట్టు మీద కూర్చుని నీళ్లడిగింది.

తెలుగు మాట విని సారక్క నీళ్లతో పాటు అన్నం కూడా పెట్టింది. ఊర్మిళ తింటూ తన ఫారం చూపించింది. అప్పటిదాకా తలుపు తీసింది పైన మొదటి అంతస్తు గది వాళ్లొక్కరే, అక్కడ నింపింది అది. 'ఈ గదిలో ఎంతమంది ఉంటారు' అన్నచోట ఏడు అని రాసి ఉంది.

"ఏడుగురు గాదు," అంది సారక్క.

"వాళ్లే చెప్పారండీ. నేను లెక్కపెట్టాను కూడా. ఏడుగురే పడుకుని ఉన్నారు."

"వాళ్లు రాత్రోళ్లు. పగటోళ్లు ఇంకో ఏడుగురు సాంచెల కాడ ఉన్నరు. ఆ గదికి నేను పద్నాలుగు పళ్లాలు పెడత."

ఊర్మిళ తినడం ఆపి ఫారం వంక చూసింది. అందులో ఒకటే గడి ఉంది. అక్కడి నుంచే తన ప్రొఫెసర్‌కు ఫోను చేసింది. నాలుగు నగరాలకూ ఫారం ఖరారైపోయింది, ఇప్పుడు మార్చడం కుదరదు, కావాలంటే పక్కన రాసుకో అన్నాడాయన. ఊర్మిళ పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది. ఆ తర్వాత సారక్కను అడిగింది, తనతో కలిసి పనిచేస్తారా అని. గదులు కొలవాలి, ప్రశ్నలు అడగాలి, ఆరు గదుల్లో అగ్గిపెట్టెంత డబ్బాలు వేలాడదీయాలి. అవి గంటగంటకూ గది వేడిని రాసుకుంటాయి.

"నాకేం వస్తది మేడం? ఏడో తరగతి," అంది సారక్క.

"మీకు తెలిసినంత నాకు తెలియదు, సారక్క గారూ."

సారక్క నవ్వింది. అక్క అని పేరులోనే ఉన్నాక మళ్లీ గారు ఎందుకని సింధూజ వారం రోజులు ఆట పట్టించింది.

పని సారక్కకు నచ్చింది. ముఖ్యంగా టేపు. ఒక కొన సింధూజ పట్టుకుంటే ఇంకో కొన తాను గోడదాకా లాగేది. అందరికంటే ముందు కొలిచింది తన గదినే. పది బై పన్నెండు అని ఇరవై ఏళ్ల కింద రాజమౌళి చెప్పాడు. ఊరి నుంచి ఎవరడిగినా ఆమె కూడా అదే చెప్పేది. టేపు మాత్రం తొమ్మిది బై పదకొండు అంది. టేపు తప్పేమోనని మూడుసార్లు కొలిచింది. సాయంత్రం పనికి తయారవుతున్న పరుశురాంకు చెప్పింది.

"కొలిస్తే పెరుగుతదా ఏంది?" అన్నాడతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

పెరగదని ఆమెకూ తెలుసు. అయినా ఆ రోజంతా ఎవరో తన దగ్గర ఏదో దాచినట్టు అనిపించింది. రాజమౌళిని అడగలేదు. ఆయన సోమలింగంతో పాటే సూరత్ వచ్చినవాడు. ఆమె ఆయనను కాక అని పిలుస్తుంది. ఒకప్పుడు ఆయనా సాంచెలు నడిపినవాడే.

మార్చి మూడో వారానికి ఇరవై తొమ్మిది గదులయ్యాయి. నాలుగో వారంలో లాక్‌డౌన్‌తో సాంచెలు ఆగిపోయాయి.

వడోద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు సాంచెల చప్పుడు లేని పగలు ఎలా ఉంటుందో తెలియదు. ఆ నిశ్శబ్దానికి మొదటి రోజు చాలామందికి తల నొప్పి వచ్చింది. కానీ అసలు చిక్కు అది కాదు. షిఫ్టు లేకపోయేసరికి మొదటి అంతస్తు గదిలో పద్నాలుగు మందీ ఒకేసారి ఉండాల్సి వచ్చింది. ఆ పద్నాలుగు మందిలో కొందరు ఏడాదిగా ఒకే చాప వాడుకుంటూ కూడా ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోలేదు. ఇప్పుడు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. బయటికి వస్తే సందు మొగలో పోలీసులు లోపలికి తరిమేవారు. అందుకని మెట్ల మీద కూర్చున్నారు. మెట్ల నిండా మగవాళ్లుంటే ఆడవాళ్లు అంతస్తు చివరనున్న పాయిఖానాకు పోవడానికి ఇబ్బంది పడ్డారు. దాని మీద రెండుసార్లు గొడవ అయింది.

ఊర్మిళ అహ్మదాబాద్‌లో ఆగిపోయింది. రోజూ సాయంత్రం ఫోను చేసేది. మొదటి మూడు రోజులు బియ్యం ఉందా, ఒంట్లో బాగుందా అని మాత్రమే అడిగింది. నాలుగో రోజు కాస్త మొహమాటంగా, "ఆ గదిలో ఎలా పడుకుంటున్నారండీ?" అంది.

చెప్పాలంటే సారక్కకు మాటలు సరిపోలేదు. ఫారం వెనక్కి తిప్పి గది గీసింది. తలుపు, కిటికీ, మూలనున్న నీళ్ల డ్రమ్ము. తర్వాత మనుషుల్ని ఒక్కొక్కరినే గీసింది, తల ఎటు, కాళ్లు ఎటు. పదకొండు మంది పట్టారు. మిగిలిన ముగ్గురు గోడకు ఆనుకుని కూర్చుంటారు, తెల్లవారుజామున వంతు మారుతుంది. తలుపు పక్క చోటు సాంబయ్యది. యాభై ఐదేళ్ల మనిషి. నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఎప్పుడూ దగ్గేవాడు, అందుకని గాలి వచ్చే చోటు అందరూ ఆయనకు వదిలారు. సింధూజ ఆ బొమ్మను ఫోటో తీసి పంపింది. ఆ రోజు ఊర్మిళ మళ్లీ ఫోను చేయలేదు. మరునాడు చేసి, "వేరే గదులవి కూడా గీయగలరా?" అని మాత్రం అడిగింది.

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. మూడో అంతస్తు గదిలో వేలాడదీసిన డబ్బా మధ్యాహ్నం మూడింటికి నలభై ఒకటి చూపింది. ఆ పైన డాబా ఉంది. నీళ్ల ట్యాంకు పాడు చేస్తారని రాజమౌళి దానికి తాళం వేసి ఉంచేవాడు. మగవాళ్లు రెండుసార్లు అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. సారక్క కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. రాజమౌళి మూతికి తువ్వాలు కట్టుకుని గుమ్మం లోపలే నిలబడ్డాడు.

"కాకా, డాబా తాళం తియ్యాలె."

"గుంపుగ కూసుంటే పోలీసోళ్లు నన్ను పట్టుకపోతరు."

"గదిలో కూసుంటే గుంపు గాదా? చూడు," అని బొమ్మ చూపించింది.

ఆయన కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "ఈడ పండేది ఎవరు?" అన్నాడు డ్రమ్ము పక్కన వేలు పెట్టి.

"చిరంజీవి. గోదావరిఖని పిలగాడు."

"నేను గూడ గట్లనే డ్రమ్ము పక్కన పండిన. పదకొండేండ్లు." కాగితం తిరిగి ఇస్తూ, "ఇవన్నీ ఆ మేడం పేపర్ల రాస్తదా? నా పేరు వస్తదా?" అని అడిగాడు.

"పేర్లు రావు కాకా. బిల్డింగ్ నంబర్ నాలుగు అని వస్తది."

పేరు రాదన్న మాటకో, డ్రమ్ము గుర్తుకొచ్చో, ఆయన తాళంచెవి ఇచ్చాడు. ట్యాంకు దగ్గరికి ఎవరూ పోవద్దని చెప్పాడు. పైన ఎండ ఆగడానికి మగవాళ్లు పని ఆగిపోయినప్పుడు మిగిలిన కోరా బట్టను కర్రలకు కట్టి పందిరి వేశారు. అప్పటి నుంచి మెట్లు ఖాళీ అయ్యాయి, గొడవలు తగ్గాయి.

మే నెలలో రైళ్లు మొదలయ్యాక చాలామంది సామాన్లు లోపల పెట్టి, గదులకు తాళాలు వేసుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. రైలు జాబితాలో పేరు రాక ఆ గదిలో సాంబయ్య, ఇంకో ముగ్గురు మిగిలారు. జూన్‌లో సాంబయ్యకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. ఆస్పత్రిలో పడకలు లేవు, శ్వాస బాగానే ఉంది కాబట్టి ఇంట్లోనే వేరే గదిలో, వేరే బాత్‌రూంతో ఉండమని ఆస్పత్రి నుంచి వచ్చినామె ఒక కాగితం ఇచ్చి, తలుపుకు ఇంకొకటి అతికించి పోయింది. సారక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆ బిల్డింగులో ఏ మనిషికీ వేరే గది లేదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆమె దగ్గర కొలతలున్నాయి.

డాబా మీద మెట్లు ముగిసేచోట సిమెంటు బస్తాలు వేసుకునే చిన్న అర ఉంది. ఈసారి రాజమౌళిని ఒప్పించాల్సిన పని లేకపోయింది. ఆయనే వచ్చి బస్తాలు జరిపించాడు, ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు మోయించాడు. అరకు అడ్డంగా పాత దుప్పటి కట్టారు. సారక్క గిన్నెలో గంజి, ఆ తర్వాత అన్నం, పై మెట్టు మీద పెట్టి కిందికి దిగి కేకేసేది.

"తిన్నవా అన్నా?"

"తిన్న చెల్లె. ఉప్పు తెలుస్తలేదు."

పదిహేడు రోజులు అలా గడిచాయి. పద్దెనిమిదో రోజు సాంబయ్య గోడ పట్టుకుని కిందికి దిగాడు. సగమైపోయాడు. జూలైలో ఊరికి వెళ్లాడు, మళ్లీ సాంచెల పనికి రాలేదు. ఇప్పుడు మేకలు కాస్తున్నానని ఒకసారి ఫోనులో చెప్పాడు.

ఆ చలికాలం ఊర్మిళ మాస్కు కట్టుకుని వడోద్ వచ్చింది. సారక్క గీసిన బొమ్మలు మొత్తం ముప్పై ఒకటి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ప్రొఫెసర్ మనసు మార్చుకున్నాడని, మిగిలిన మూడు నగరాల్లోనూ పగలూ రాత్రీ విడివిడిగా అడిగారని చెప్పింది. అడిగితే రెండు చోట్ల ఇదే కథ బయటపడిందట.

"అయితే ఏమైతది?" అని అడిగింది సారక్క.

ఊర్మిళ కాగితాలు సర్దుతూ చెప్పింది. "ఇళ్ల గురించి రాసేవాళ్లు ఇకమీద గదికి ఎంతమంది అని ఊరికే రాయలేరు. అంతవరకైతే అవుతుంది. ఆ తర్వాత నాకు తెలియదండీ."

తెలియదని చెప్పినందుకు సారక్కకు ఆ అమ్మాయి మీద గౌరవం పెరిగింది.

మరుసటి ఏప్రిల్‌లో ఊరి మీదికి రెండోసారి వచ్చిన జబ్బు రాజమౌళిని తీసుకుపోయింది. జ్వరం వచ్చిన ఆరో రోజే పోయాడు. ఆస్పత్రి వాళ్లు ముఖం కూడా చూపించలేదు. సారక్క వంట ఆపి రెండు రోజులు మూల కూర్చుంది. తండ్రి పోయినప్పుడు ఏడ్చిందాని కంటే తక్కువే ఏడ్చింది, కానీ ఎక్కువ రోజులు తలుచుకుంది. బిల్డింగు కొడుకు ఉమాకాంత్ చేతికి వచ్చింది. అతను సూరత్‌లోనే ఆల్థాన్ వైపు ఫ్లాటు కొనుక్కుని అక్కడే ఉంటాడు.

ఆగస్టులో ఊర్మిళ వాళ్లు కంప్యూటర్ మీద ఒక సమావేశం పెట్టారు. సారక్కను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. సింధూజ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. తెర మీద ఇరవై ముఖాలు చిన్న చిన్న గళ్లలో కనబడ్డాయి. సారక్క హిందీలో మాట్లాడింది. బొమ్మల గురించి చెప్పింది, డాబా గురించి చెప్పింది. అయిపోయాక ఒక పెద్దమనిషి అడిగాడు, ఊరి బయట సర్కారు కట్టిన ఫ్లాట్లు ఖాళీగా పడి ఉన్నాయి కదా, తక్కువ అద్దెకు ఇస్తే మీవాళ్లు ఎందుకు పోవడం లేదు అని.

సారక్క ఆలోచించి చెప్పింది. పొద్దున ఏడింటికి సాంచె కాడ ఉండాలంటే అక్కడి నుంచి ఐదున్నరకు బయల్దేరాలి. అప్పుడు బస్సు ఉండదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి మళ్లీ వండుకోలేడు, అక్కడ మెస్ లేదు. ఒంటరి మగవాళ్లకు ఇవ్వడానికి పక్కింటివాళ్లు ఒప్పుకోరు. "అక్కడ గదులున్నాయి సాబ్. చుట్టూ ఏమీ లేదు," అంది.

ఆయన రాసుకున్నాడు. ఫోను పెట్టేశాక సింధూజ, "మమ్మీ, తూ సారూ బోలీ," అంది గుజరాతీలో. బాగా మాట్లాడావని. సారక్కకు చెమటలు పట్టి ఉన్నాయి.

దసరా దాటాక ఉమాకాంత్ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. డాబా మీద ఇంకో అంతస్తు లేపుతాడట. పనివాళ్లు తిరిగి వస్తున్నారు, గదులకు గిరాకీ ఉంది. సారక్క పొయ్యి మీది గిన్నె దించి పైకి వెళ్లింది. మేస్త్రీ సుద్దముక్కతో నేల మీద నాలుగు గదులు గీస్తున్నాడు. ఒక్కొక్క గదికి ఒకే కిటికీ, అదీ వరండా వైపు.

"తమ్మీ, డాబా మూసినవంటే కింద గదులల్ల వాళ్లు యాడికి పోవాలె?"

"అక్కా, ఇల్లు ఖాళీగ పెట్టుకొని నేనేం చెయ్యాలె? పైన మళ్ల స్లాబే కదా. దాని మీదికి పోతరు."

"తాళం వెయ్యకు మరి."

"వెయ్య."

"కిటికీలు రెండు పెట్టు. ఒకటి ఇటు, ఒకటి అటు, ఎదురెదురుగ."

మేస్త్రీ ఖర్చు పెరుగుతుందన్నాడు. సారక్క ఉమాకాంత్‌ను కిందికి, మూడో అంతస్తు గదిలోకి తీసుకుపోయింది. కిటికీ ఒకవైపే ఉన్న గది. మధ్యాహ్నం రెండు దాటింది. "జరసేపు నిలబడు," అని తాను తలుపు బయట నిలబడింది. అతను ఆల్థాన్‌లో ఫ్యాను కింద పెరిగినవాడేమీ కాదు, ఈ బిల్డింగులోనే పదేళ్లు వచ్చేదాకా ఉన్నాడు. అయినా మరిచిపోయి ఉంటాడు. ఐదు నిమిషాలకు చొక్కా వీపుకు అతుక్కుని బయటికి వచ్చాడు. నేరుగా పైకి వెళ్లి మేస్త్రీతో మాట్లాడాడు. నాలుగు గదుల్లో రెండింటికి ఎదురెదురు కిటికీలు పెట్టించాడు. మిగిలిన రెండింటి వెనుక పక్క బిల్డింగు గోడ జానెడు దూరంలో ఉంది, అక్కడ పెట్టినా లాభం లేదని సారక్కే ఒప్పుకుంది.

గదులు పూర్తయ్యాక ఆమె ఎదురెదురు కిటికీలున్న గది ఒకటి తనకు అద్దెకు అడిగింది, ఉమాకాంత్ సరేనన్నాడు. మెస్ కిందనే ఉంటుంది, నిద్రకు, సింధూజ చదువుకు పై గది. పరుశురాం వద్దన్నాడు. పైన ఎండ నేరుగా స్లాబు మీద పడుతుంది, రాత్రంతా పని చేసి వచ్చి పగలు పడుకునేది తాను కదా అన్నాడు. సారక్క ఊర్మిళకు ఫోను చేసింది. స్లాబు మీద తెల్ల సున్నం మందంగా వేస్తే వేడి కొంత తగ్గుతుందని, కొన్ని ఊళ్లల్లో చేసి చూశారని ఆమె చెప్పింది. కొంత అంటే ఎంత అని సారక్క అడిగింది. స్లాబును బట్టి ఉంటుందండీ, వేసి చూడాలి అంది ఊర్మిళ.

రెండువేల ఇరవై రెండు మార్చిలో ఒక ఆదివారం సారక్క, సింధూజ, మెస్‌లో తినే నలుగురు మగవాళ్లు కలిసి బకెట్లలో సున్నం నానబెట్టి చీపుర్లతో స్లాబంతా పూశారు. మూడు పూతలు పడ్డాయి. తెల్లదనానికి ఎండలో కళ్లు తెరవలేకపోయారు. వానాకాలం వస్తే సగం కొట్టుకుపోతుందని, ఏటా వేయాల్సిందేనని సారక్కకు తెలుసు.

మరునాడు పొద్దున పరుశురాం పని దిగి వచ్చి, తిని, గొణుక్కుంటూనే పైకి ఎక్కాడు. కింద సారక్క పప్పుకు పోపు వేసింది, పగటి పళ్లేలు కడిగింది, బియ్యం ఏరింది. పదకొండు దాటింది, కింది గదిలో అయితే ఉక్కకు ఆ వేళకే లేచి కూర్చునేవాడు. పన్నెండు దాటింది. ఇంకా పైనుంచి ఏ చప్పుడూ రాకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చి మెట్లెక్కి చూసింది. రెండు కిటికీలూ తెరిచి ఉన్నాయి. పరుశురాం బోర్లా పడుకుని, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి కిందికి దిగింది.